కంప్యూటర్ల లోకంలోనూ రచ్చబండే దిక్కు

కావలి: ఊరి చెరువు ఏ ఒక్కరిదీ కాదు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎవరి మడికి ముందు నీరు పారాలి, పూడిక ఎవరు తీయాలి అన్నదానికి కట్టుబాటు లేకపోతే ఎంత పెద్ద చెరువు కిందనైనా చివరి పొలం ఎండక తప్పదు. ఒకప్పుడు నీరుగంటి మాట మీద నడిచిన ఈ వ్యవహారానికి 1997లో చట్టం వచ్చింది. రైతులే ఎన్నుకునే నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. కంప్యూటర్ల లోకంలో కూడా ఇటువంటి ఉమ్మడి చెరువులు వున్నాయనీ, వాటికీ ఇదే చిక్కు వచ్చిందనీ మనలో చాలామందికి తెలియదు.

కంప్యూటరైనా, సెల్‌ఫోనైనా పని చేయాలంటే ఏమేమి చేయాలో వరుసగా చెప్పే ఆదేశాలు కావాలి. వాటినే సాఫ్ట్‌వేర్ అంటారు. చాలా కంపెనీలు దీనిని తాళం వేసిన పెట్టెలా అమ్ముతాయి. లోపల ఏముందో కొన్నవారికి తెలియదు. అలా కాక ఎవరైనా చదువుకోవచ్చు, దిద్దుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు అని లైసెన్సులోనే రాసి ఇచ్చే సాఫ్ట్‌వేర్ మరొకటి వుంది. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ఈ ఉద్యమానికి నాంది పలికారు. 1991లో ఫిన్లండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 'లినక్స్' మొదలుపెట్టారు. నేడు మన చేతుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లకు అడుగున వున్నది ఈ లినక్సే.

పెద్దాయన తప్పుకుంటే?

ఇటువంటి పనులు సాధారణంగా ఒకరితో మొదలవుతాయి. పదిమంది వున్నంతకాలం ఆ ఒక్కరి మాట చెల్లుతుంది. వందలమంది చేరాక ఆ పద్ధతి నిలవదు. 1993లో ఇయాన్ మర్డాక్ అనే అమెరికా విద్యార్థి లినక్స్‌కు కావలసిన సరంజామా అంతా ఒకచోట చేర్చి అందించేందుకు 'డెబియన్' ప్రారంభించారు. పనిచేసేవారు పెరిగేసరికి రాతపూర్వకమైన కట్టుబాట్లు అవసరమయ్యాయి. 1997లో వాడుకునేవారికి తామిచ్చే హామీలతో ఒక ఒడంబడికనూ, 1998లో ఏకంగా ఒక రాజ్యాంగాన్నీ రాసుకున్నారు. ఏటా నాయకుడిని ఎన్నుకుంటారు. నాయకుడి నిర్ణయం నచ్చకపోతే సభ్యులు ఓటు వేసి రద్దు చేయవచ్చు.

మన ఇంజనీరింగు విద్యార్థులు నేర్చుకునే 'పైథాన్' అనే కంప్యూటరు భాషది మరో కథ. నెదర్లాండ్స్‌కు చెందిన గిడో వాన్ రోసమ్ దానిని 1991లో లోకానికి ఇచ్చారు. ఏ మార్పు చేయాలన్నా చివరిమాట ఆయనదే. 2018లో ఒక చిన్న మార్పు మీద పెద్ద వాదం నడిచింది. విసిగిపోయిన ఆయన జులైలో పెద్దరికం వదులుకున్నారు. వారసుడిని కూడా చెప్పలేదు. సభ్యులు నెలల తరబడి చర్చించి, ఏ పద్ధతి కావాలో ఓటు వేసి, అయిదుగురి సంఘాన్ని ఏర్పాటు చేసుకున్నారు. ఒకే కంపెనీలో పనిచేసేవారు ఇద్దరికి మించి అందులో వుండరాదని నియమం. 2019లో జరిగిన మొదటి ఎన్నికలో గిడో కూడా గెలిచారు. అంతవరకు చివరిమాట తనదైన మనిషి అప్పుడు అయిదుగురిలో ఒకరయ్యారు.

వేరుపడే హక్కు

పొత్తు కుదరకపోతే అన్నదమ్ములు వేరుపడతారు. పొలం పంచుకుంటే ఎవరి వాటా వారికి తగ్గిపోతుంది. ఇక్కడ అలా కాదు. వేరుపడినవారికి కూడా మొత్తం పొలం దక్కుతుంది. 2010లో ఒరాకిల్ కంపెనీ సన్ కంపెనీని కొన్నప్పుడు 'ఓపెన్ ఆఫీస్' అనే సాఫ్ట్‌వేర్ భవిష్యత్తు ఏమవుతుందోనని దాని మీద పనిచేసేవారికి బెంగ పట్టుకుంది. అదే ఏడాది సెప్టెంబరులో వారిలో చాలామంది బయటికి వచ్చి 'లిబ్రె ఆఫీస్' పెట్టుకున్నారు. ఉత్తరాలు, లెక్కలు రాసుకునే ఈ సాఫ్ట్‌వేర్‌ను తెలుగులో కూడా వాడుకోవచ్చు. ఈ హక్కు వుంది కనుకనే ఏ పెద్దమనిషీ మితిమీరి పోలేడు. అయితే పొలం తగ్గకపోయినా చేతులు చీలిపోతాయి. అందుకే వేరుపడడం ఆఖరి మాటగానే వుండాలి.

మన తెలుగులో

ఇదే దారిలో తెలుగువారికి స్వంతమైన ఉమ్మడి చెరువు తెలుగు వికీపీడియా. వెన్న నాగార్జున 2003 డిసెంబరులో దీనికి శ్రీకారం చుట్టారు. నేడు ఇందులో వ్యాసాలు లక్ష దాటాయి. దీనిని నడిపే సాఫ్ట్‌వేర్ కూడా అందరిదే. రాసేవారికి జీతం లేదు. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. ఎవరు ఎప్పుడు ఏ అక్షరం మార్చారో ప్రతి పేజీకీ చరిత్ర నిలిచి వుంటుంది. అందరికీ సంబంధించిన విషయాలు మాట్లాడుకునే చోటుకు వారు పెట్టుకున్న పేరు 'రచ్చబండ'. పేజీలు తొలగించడం, ఆకతాయిలను నిరోధించడం వంటి అధికారాలు గల నిర్వాహకులను సభ్యులే చర్చించి ఎన్నుకుంటారు. ఒక విషయం నిజమా కాదా అన్నప్పుడు మాత్రం నిర్వాహకుడి మాటకు ఎక్కువ విలువ లేదు. అచ్చయిన ఆధారం చూపినవారి మాటే నిలుస్తుంది.

మార్పులు వచ్చినప్పుడే ఇటువంటి కట్టుబాటుకు పరీక్ష. 2016లో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 2022 ఏప్రిల్ 4న మన రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. కందుకూరు ప్రాంతం అప్పుడే నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. ఇటువంటి మార్పు వచ్చిన ప్రతిసారీ వేలాది గ్రామాల పేజీలు సరిచూడాలి. పాత జిల్లా పేరు చరిత్రలో ఎలా చెప్పాలి, కొత్తది ఎలా రాయాలి అన్నది ఒక్కరు తేల్చేది కాదు. ఒకసారి కలిసి నిర్ణయించుకుంటే ఎవరు రాసినా ఒకే తీరుగా వుంటుంది.

ఇందులో మన బాధ్యత కూడా వుంది. తుమ్మలపెంట, రుద్రకోట, గౌరవరం, మూసునూరు వంటి మన ఊళ్ల గురించి ఎక్కడో వున్న ఓ పిల్లవాడు తెలుసుకోవాలంటే మొదట చూసేది ఇటువంటి పేజీనే. అందులో తప్పు దొర్లితే దిద్దవలసింది ఆ ఊరి సంగతి తెలిసినవారే. ఎవరో తమ పెద్దలను పొగుడుతూ ఆధారం లేకుండా రాసుకుంటే ప్రశ్నించవలసిందీ వారే. ఊరందరిదీ అనుకున్న చెరువు ఎవరిదీ కాకుండా పోయి పూడిపోవడం మనం ఎరిగిందే. ఎంత మంచి నియమాలు రాసుకున్నా, రచ్చబండ దగ్గరికి నలుగురు రాకపోతే వచ్చిన ఒకరిద్దరి మాటే చట్టమవుతుంది.