‘ఎదురుకాల్పులు’ ఎవరి మాట?

అలిపిరి దగ్గర మెట్లెక్కి తిరుమలకు నడిచేవాళ్ళు దాటిపోయేది శేషాచలం అడవిని. శ్రీనివాసమంగాపురం వైపునుండే శ్రీవారి మెట్టు దారీ ఆ అడవిలోదే. 2015 ఏప్రిల్ 7 తెల్లవారుజామున, ఈ రెండో దారికి సమీపంలో, ఎర్రచందనం అక్రమ రవాణా నిరోధక దళం 20 మందిని కాల్చి చంపింది. అందరూ తమిళనాడువాళ్ళు. ఎక్కువమందివి తిరువణ్ణామలై, ధర్మపురి జిల్లాలు.

రాళ్ళతో, గొడ్డళ్ళతో దాడిచేస్తే ఆత్మరక్షణకు కాల్చామన్నది దళం మాట. తప్పించుకొచ్చినవాళ్ళు జాతీయ మానవహక్కుల సంఘం ముందు చెప్పింది వేరు: తోటివాళ్ళను దారిలోనే పోలీసులు పట్టుకుపోయారని. ఏది నిజమో తేల్చవలసింది న్యాయస్థానం. కాని ‘ఎదురుకాల్పులు’ అనగానే ఆ తీర్పు మనమే ఇచ్చేసినట్టు. నేనూ చాలాకాలం ఆ మాటను ఆలోచించకుండానే వాడాను.

చట్టం ఏమంటుంది? ఆత్మరక్షణ ఒక మినహాయింపు. దాన్ని కోరే ముద్దాయే రుజువు చేసుకోవాలని అప్పుడు అమలులో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టం 105వ సెక్షను. చెట్టు నరికినందుకు ఉరిశిక్ష ఏ చట్టంలోనూ లేదు. పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోతే కేసు నమోదు కావాలి, సి.ఐ.డి.గాని వేరే స్టేషను పోలీసులుగాని దర్యాప్తు చెయ్యాలి, మేజిస్ట్రేటు విచారణ జరగాలి అని 2014 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు చెప్పింది. ఏడు నెలలు తిరక్కముందే శేషాచలం ఘటన. వ్యవహారం హైకోర్టుకెక్కాకనే దళంపై హత్యకేసు నమోదయింది. మానవహక్కుల సంఘం సి.బి.ఐ. దర్యాప్తు కోరినా, దర్యాప్తు రాష్ట్ర పోలీసుల ప్రత్యేక బృందం చేతిలోనే ఉండిపోయింది.

అధికార దుర్వినియోగం తుపాకితోనే ముగియదు. కాల్చినవాళ్ళే పంచనామాకు మాటలు అందిస్తారు, ఆ మాటలే పత్రికకెక్కుతాయి, అక్కణ్ణుంచి మన కథల్లోకి, కవితల్లోకి వస్తాయి. ‘స్మగ్లర్’ అన్న మాటా అలాంటిదే. కూలికి గొడ్డలి పట్టినవాడికీ, దుంగలను ఓడ దాటించి సొమ్ము చేసుకునేవాడికీ అది ఒకే పేరు. అడవిలో శవమయ్యేది మాత్రం మొదటివాడే.

ఆ 20 మందీ నిర్దోషులని నేను అనటం లేదు. దోషులైనా వాళ్ళకు కోర్టు బోను ఎక్కే హక్కు ఉందంటున్నాను. ‘పోలీసులు కాల్చి చంపారు’ అన్నది జరిగిన పని. ‘ఎదురుకాల్పుల్లో మరణించారు’ అన్నది ఒక పక్షం వాదం. ఈ తేడా తెలిసి రాయటం రచయిత కనీస బాధ్యత. మనకు తుపాకులు లేవు, సెక్షన్లు లేవు. ఉన్నవి మాటలే. వాటినైనా పోలీసు స్టేషను నుంచి అరువు తెచ్చుకోకుండా ఉందాం.