గొడుగు ధర, సొరంగం దారి

1999లో వచ్చిన ‘రోలర్‌కోస్టర్ టైకూన్’ గేమ్‌లో అప్పుడప్పుడు వాన పడుతుంది. వాన మొదలవగానే సమాచార కేంద్రం దగ్గర గొడుగులకు గిరాకీ పెరుగుతుంది. ఎండ రోజున వద్దనుకునే ధరకు కూడా జనం కొంటారు. ఆరుబయట తిరిగే రైడ్ల దగ్గర మాత్రం క్యూలు పలచబడతాయి. అయితే ట్రాక్‌లో కొంత భాగమైనా సొరంగంలోంచో కప్పు కిందుగానో వెళ్తుంటే, ఆ రైడ్ వానలోనూ ఖాళీగా ఉండదు. గొడుగు ధర పెంచడం వ్యాపారి చేసే పని. సొరంగం తవ్వడం కట్టేవాడి పని. ఒక్క వాన ఇద్దరికీ పని చెప్పింది.

థీమ్ పార్క్ సిమ్యులేషన్ గేమ్‌లు ఆడేవాళ్ల మధ్య చాలాకాలంగా ఒక వాదం నడుస్తోంది. పార్కును నడపడంలో లోతు ఉండాలని కొందరు అంటారు. టికెట్ ధర, జీతాలు, అప్పు, మరమ్మతులు, ఇవన్నీ బుర్రకు పని పెట్టాలని వాళ్ల కోరిక. కట్టుకునే స్వేచ్ఛ ముఖ్యమని మరికొందరు అంటారు. కోట కట్టాలి, కొండ మలచాలి, జలపాతం పక్కనుంచి ట్రాక్ దూసుకుపోవాలి. ఒకటి పెరిగితే రెండోది తగ్గాల్సిందేనని రెండు పక్షాలూ దాదాపు ఒప్పేసుకున్నాయి. నేను ఒప్పుకోను. కట్టిన ప్రతిదానికీ పార్కు ఏదో ఒక జవాబు చెబుతోందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ముందు పాత సంగతి. 1994లో బుల్‌ఫ్రాగ్ సంస్థ ‘థీమ్ పార్క్’ తెచ్చింది. అందులో చిప్స్‌లో ఉప్పు ఎంత వేయాలో కూడా ఆడేవాళ్లే నిర్ణయించవచ్చు. ఉప్పు పెంచితే జనానికి దాహం, పక్క దుకాణంలో కూల్‌డ్రింక్ అమ్మకం. ఆ తెలివి ఇప్పటికీ గుర్తుండిపోయేదే. కానీ అక్కడ లాభమంతా సెట్టింగుల్లో ఉంది. పార్కు రూపానికి, ఆ ఉప్పుకు పెద్దగా సంబంధం లేదు.

ఆ సంబంధాన్ని గట్టిగా కలిపినవాడు క్రిస్ సాయర్. రోలర్‌కోస్టర్ టైకూన్ ప్రోగ్రామ్‌ను ఆయన దాదాపు మొత్తం అసెంబ్లీ భాషలో రాశాడు. అంటే కంప్యూటర్ శక్తిలో పిసరంత కూడా వృథా పోనివ్వలేదు. అలా మిగిలిన శక్తి పార్కులో తిరిగే మనుషులకు దక్కింది. ఒక్కొక్కరి జేబులో ఇంత డబ్బు, ఇంత ఆకలి, ఇంత దాహం. ఒకరికి మెల్లగా తిరిగే రంగులరాట్నం చాలు, మరొకరికి గుండె గొంతులోకి రావాలి. ఎవరి మీద క్లిక్ చేసినా మనసులో మాట చదవవచ్చు.

ట్రాక్ కట్టి పరీక్షగా నడిపితే మూడు అంకెలు వస్తాయి. ఉత్సాహం ఎంత, తీవ్రత ఎంత, వాంతి వచ్చేంత తిప్పుడు ఎంత అని. బస్సు వేగంగా మలుపు తిరిగినప్పుడు మనం పక్కవాళ్ల మీదకు ఒరిగిపోతాం కదా, ఆ పక్కతోపును ఈ గేమ్ లెక్కిస్తుంది. మలుపు దగ్గర ట్రాక్‌ను లోపలి వైపుకు వాల్చితే పక్కతోపు తగ్గుతుంది, దాంతో తీవ్రత అదుపులోకి వస్తుంది. వాల్చకుండా వదిలేస్తే తీవ్రత పెరిగి, జనం రైడ్‌ను చూసి భయపడి వెనక్కి మళ్లుతారు. ట్రాక్ నీటి మీదుగానో చెట్ల మధ్యనుంచో సాగితే ఉత్సాహం పెరుగుతుంది, ఎక్కువ టికెట్ ధరకూ ఒప్పుకుంటారు. ఒక వంపు ఎలా గీశారన్నది సాయంత్రానికి ఖాతాలో కనిపిస్తుంది. కడుపులో తిప్పే రైడ్ బయటి దారిలో బెంచీలు వేయడం, ఊడ్చేవాళ్లకు ఆ దారినే అప్పగించడం కూడా అలాంటివే. వాటిని నిర్మాణం అనాలో నిర్వహణ అనాలో తేల్చడం కష్టం. ఆ గేమ్ గొప్పతనం ఆ కష్టంలోనే ఉంది.

2016 నవంబరులో ఫ్రాంటియర్ సంస్థ ‘ప్లానెట్ కోస్టర్’ విడుదల చేసింది. పాత గేమ్‌లలోని గళ్ల నేల బంధనం తెగిపోయింది. గోడ, కప్పు, దూలం, దీపం, దేన్నయినా ఏ కోణంలోనైనా నిలబెట్టవచ్చు. నేలను మట్టిముద్దలా లాగి కొండ చేయవచ్చు, తొలిచి గుహ చేయవచ్చు. కట్టినదాన్ని స్టీమ్ వర్క్‌షాప్‌లో పెడితే ఎక్కడో ఉన్న మరొకరు తమ పార్కులో నిలుపుకోవచ్చు. సాధారణ ఆటగాళ్లు అక్కడ కట్టిన కోటలు, రేవులు, పాత పట్నాలు చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

అయినా నిర్వహణ పలచగా ఉందన్న మాట ఆ గేమ్‌ను వదల్లేదు. దీనికి కారణం నిర్లక్ష్యం అని నేననుకోను. సాయర్ గేమ్‌లో ముక్కలు తక్కువ, ప్రతి ముక్క ఏమిటో ప్రోగ్రామ్‌కు తెలుసు. ప్లానెట్ కోస్టర్‌లో మీరు వందల ముక్కలతో కోట కడితే అది మీకు కోట, ప్రోగ్రామ్‌కు వందల ముక్కలు. క్యూ చుట్టూ అలంకరణ ఉందో లేదో అది కొలుస్తుంది, జనం ఓపికకు ఆ కొలతను ముడిపెడుతుంది కూడా. కానీ ఆ కోట అందంగా ఉందో లేదో చెప్పలేదు. స్వేచ్ఛ పెరిగినకొద్దీ జవాబు మొద్దుబారుతుంది. అసలు చిక్కు ఇక్కడుంది. ఇంకో నాలుగు పట్టికలు, ఇంకో రెండు రకాల పన్నులు చేర్చితే అది విడిపోదు.

విడిపోయే దారి ఒకటి 2018 నవంబరులో కనిపించింది. టెక్సెల్ రాప్టర్ అనే చిన్న బృందం తెచ్చిన ‘పార్కిటెక్ట్’లో దుకాణాలకు సరుకు దానంతటది రాదు. గోదాము నుంచి పనివాళ్లు పెట్టెలు మోసుకెళ్లాలి. ఆ మోతను జనం చూస్తే పార్కు మాయ కరిగిపోయి, వాళ్ల సంతోషం తగ్గుతుంది. అందుకని దుకాణాల వెనక సన్న దారి వేయాలి, అడ్డంగా గోడ కట్టాలి, లేదా నేల కిందనుంచి తోవ తీయాలి. ఇక్కడ ప్రోగ్రామ్ అందాన్ని తూచనక్కర్లేదు. మనిషి చూపుకు అడ్డం ఉందా లేదా అన్నది లెక్క కడితే చాలు, ఆ లెక్క దానికి చేతనవును. దాంతో మీరు పెంచిన గుట్టకు, కట్టిన గోడకు అర్థం వస్తుంది. సరుకు రవాణా అనే వ్యాపార సమస్యకు పరిష్కారం మీ చేతిలోని ఇటుకలే అవుతాయి.

ఇది గాలిలోంచి ఊడిపడిన ఊహ కాదు. 1971లో ఫ్లోరిడాలో తెరిచిన డిస్నీ మ్యాజిక్ కింగ్‌డమ్ కింద పనివాళ్ల కోసం సొరంగ మార్గాలు ఉన్నాయి. వేషధారులు, సరుకు, చెత్త అంతా అక్కడినుంచే కదులుతాయి. జనం నడిచే వీధులు నిజానికి పై అంతస్తు. నిజమైన పార్కు కట్టినవాళ్లకు నిర్వహణ, నిర్మాణం ఒకే కాగితం మీద గీసిన ఒకే పటం.

2024 నవంబరులో వచ్చిన ‘ప్లానెట్ కోస్టర్ 2’ నీటి పార్కులతో పాటు కరెంటు, నీటి సరఫరా అవసరాలను కూడా తెచ్చింది. ఏ గేమ్ చేర్చిన ఏ కొత్త అవసరానికైనా నేను పెట్టే పరీక్ష ఒకటే. అది పార్కు రూపాన్ని మారుస్తుందా? మారిస్తే లోతు పెరిగినట్టు. మార్చకపోతే క్లిక్కులు పెరిగినట్టు.

లెక్కలేవీ లేకుండా హాయిగా కట్టుకోవాలనుకునేవాళ్ల కోరికను నేను చిన్నచూపు చూడను. 2004 నాటి ‘రోలర్‌కోస్టర్ టైకూన్ 3’ డబ్బు చింత లేని శాండ్‌బాక్స్‌ను ఇచ్చి మంచి పని చేసింది. ఆ తలుపు ఎప్పుడూ తెరిచే ఉండాలి. కానీ లెక్కలతో ఆడేవాడికి కూడా చేతినిండా కట్టే పని దొరకాలి.

నమ్మకం కుదరకపోతే ఫోన్‌లో దొరికే ‘రోలర్‌కోస్టర్ టైకూన్ క్లాసిక్’ తెరవండి. అందులో ఫారెస్ట్ ఫ్రాంటియర్స్ అనే పార్కును ఎంచుకోండి. మొదటి ఏడాది అక్టోబరు ఆఖరుకు కనీసం 250 మంది సందర్శకులు, 600 పార్కు రేటింగు ఉండాలన్నది లక్ష్యం. కాసేపు ఆ అంకెలను పక్కన పెట్టి, గేటు వైపు వెళ్తున్న ఒక మనిషిని ఎంచుకుని మనసులో మాట చదవండి. ఆకలేస్తోందంటాడు, దారి తప్పానంటాడు, అలసిపోయానంటాడు. ఆ మాటకు మీరిచ్చే జవాబు ఏ పట్టికలోనూ ఉండదు. ఎక్కడో ఒక దుకాణం పెట్టాలి, ఒక దారి కలపాలి, చెట్టు కింద ఒక బెంచీ వేయాలి.