సెలవు ముగిసిన మరునాడు

మేమెరిగిన ఒక ఇంట్లో, తండ్రి సెలవు ముగించుకొని జమ్మూ బయలుదేరిన మరునాటి నుండి ఏడేళ్ల పాపకు కడుపునొప్పి మొదలయింది. ఇద్దరు వైద్యులకు చూపించారు, స్కానింగు తీయించారు. ఏ లోపమూ కనబడలేదు. బడి ఎగ్గొట్టడానికి ఆడుతున్న నాటకమని ఒక ఉపాధ్యాయురాలు తేల్చేశారు. అసలు సంగతి రాబట్టింది దాదీ. పిల్ల ఏడుస్తుందని, తండ్రి ఆమె నిద్రలో ఉండగానే అర్ధరాత్రి వెళ్లిపోయారు. ఉదయం లేచి అడిగితే, “రేపు వస్తారు” అని తల్లి సర్దిచెప్పింది. ఆ రేపు రాలేదు. తాను కళ్లు మూసుకున్నప్పుడు అబ్బా మాయమైనట్లే, తాను బడికి పోయినప్పుడు అమ్మీ కూడా మాయమవుతుందేమోనని ఆ పాప భయపడింది. నొప్పి నిజమైనదే.

సైనిక కుటుంబాల్లో ప్రేమతోనే జరిగే పొరపాటు ఇది. చెప్పకుండా వెళ్లడం వల్ల ఆనాటి ఏడుపు తప్పవచ్చు. దాని తరువాత పిల్లలు పెద్దల మాటను నమ్మడం మానేస్తారు. ఎన్ని రోజులకు వస్తారో తెలిస్తే చెప్పాలి, తెలియకపోతే తెలియదనే చెప్పాలి. ఆ ఇంట్లో తరువాత చేసింది కూడా ఇంతే. గోడమీది క్యాలెండరులో తండ్రి ఫోను చేయగల రోజులకు గుర్తులు పెట్టారు. ఫోను రాని రోజున “సిగ్నలు లేని చోట ఉన్నారు” అని దాచకుండా చెప్పారు. కడుపునొప్పి ఒక్కరోజులో పోలేదు గానీ, నెల తిరిగేసరికి పాప బడికి వెళ్లసాగింది.

జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. అవి ముక్కలు ముక్కలుగానే చేతికి వస్తాయి. ఫీల్డు ప్రాంతంలో పోస్టింగు పడితే భార్యాబిడ్డలను వెంట తీసుకువెళ్లడానికి వీలుండదు. వారు కంటోన్మెంటులో ఇటువంటి కుటుంబాలకు కేటాయించే క్వార్టర్లలో ఉండాలి, లేదా సొంత ఊరు చేరుకోవాలి. కంటోన్మెంటులో పక్కింటి పిల్లవాని తండ్రి కూడా దూరంలోనే ఉంటారు కాబట్టి, తమది వింత పరిస్థితి అని పిల్లలకు అనిపించదు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరం వంటి ఊరిలోనూ అంతే. రెండు ప్రపంచ యుద్ధాలకూ సైనికులను పంపి, ‘మిలిటరీ మాధవరం’ అనిపించుకున్న ఊరది. ఊరంతటిలో సైనికుని బిడ్డ ఒక్కరే ఉన్నచోట మాత్రం ఆ బిడ్డ ఒంటరి. అక్కడ బడి ఉపాధ్యాయులకు విషయం ముందుగా తెలియజేయడం తల్లి చేయవలసిన మొదటి పని.

పోస్టింగు మారినప్పుడల్లా బడి మారుతుంది. నిన్నటిదాకా జోధ్‌పూరులో హిందీలో చదివిన పిల్లవాడు ఇక్కడి తెలుగు వాచకం ముందు మూగవాడవుతాడు. వెంటనే మొద్దు అనే ముద్ర పడుతుంది. కేంద్రీయ విద్యాలయాలు, ఆర్మీ పబ్లిక్ స్కూళ్లు ఈ ఇబ్బందిని చాలావరకు తగ్గిస్తాయి, దగ్గరలో ఉంటేనే. ఈ మార్పుల సందడిలో టీకా కార్డు పోగొట్టుకోవడం మామూలే. ఐదారేళ్ల వయసులో వేయవలసిన డీపీటీ బూస్టరు, పదేళ్లకూ పదహారేళ్లకూ వేయవలసిన టీడీ టీకా ఇట్లే తప్పిపోతుంటాయి. కార్డును ఫోటో తీసి తల్లిదండ్రులిద్దరి ఫోన్లలోనూ ఉంచుకోవడం మంచిది.

ఇక టీవీ. 2025 మే నెలలో సరిహద్దులో కాల్పులు జరిగిన ఆ నాలుగు రోజులూ స్టూడియోల్లో సైరన్లు మోగించి, నిర్ధారణ కాని వార్తలెన్నో చదివారు. మిగతావారికి అది ఉత్కంఠ కావచ్చు, ఆ పిల్లలకు అది తండ్రి ప్రాణం. రోజుకు ఒక్కసారి, పెద్దలు మాత్రమే వార్తలు చూసి, అవసరమైనంత చెబితే చాలు.

తండ్రి లేని ఇంట్లో మనం తరచు వినే మాటలు రెండున్నాయి. “మీ అబ్బాను రానీ, చెబుతా” అనేది ఒకటి. దానితో ఇంటికి వచ్చేది తండ్రి కాదు, శిక్ష. “ఇప్పుడు ఇంటికి మగదిక్కు నీవే” అని పదేళ్ల పిల్లవానితో అనడం రెండవది. వాడు ఆ మాటను నిజంగానే నెత్తిన పెట్టుకుంటాడు. ఆడుకోవడం మానేసి, రాత్రి లేచి తలుపు గడియలు చూసివస్తాడు.

పక్క తడపడం మళ్లీ మొదలైనా, తిండి తగ్గినా, మాటామాటకు కోపం వచ్చినా, అది వారాల తరబడి సాగితే వైద్యుని కలవాలి. సికిందరాబాదు, గోల్కొండల్లో సైనిక ఆసుపత్రులు, విశాఖలో నౌకాదళ ఆసుపత్రి కళ్యాణి ఉన్నాయి. దూరాన ఉన్నవారు 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ టెలీ మానస్ సేవలో సైనికులకూ వారి కుటుంబాలకూ ప్రత్యేక విభాగం 2023 డిసెంబరులో పుణెలో మొదలయింది. తల్లి కూడా తన కోసం ఆ నంబరుకు ఫోను చేయవచ్చు. ఆమె నిద్రపోని ఇంట్లో పిల్లలూ నిద్రపోరు.

పైన చెప్పిన పాప తండ్రి మళ్లీ సెలవుపై వచ్చినప్పుడు, ఆమె పరుగెత్తుకొని ఎదురు వెళ్లలేదు. దాదీ వెనుక దాక్కుంది. ఆయన నొచ్చుకున్నారు గానీ బలవంతం చేయలేదు. పాలు ఎవరు కలపాలి, జడ ఎవరు వేయాలి అన్న ఏర్పాట్లన్నీ తాను లేనప్పుడే కుదిరిపోయాయని గ్రహించి, కొన్నాళ్లు ఊరికే పక్కన కూర్చున్నారు. ఎనిమిదవ రోజున పాపే బడి సంచి తెచ్చి ఆయన ముందు పెట్టి, “రేపు మీరే దించాలి” అంది. తిరిగి వెళ్లే రోజున ఆయన పట్టపగలు, ఆమెకు చెప్పి బయలుదేరారు. ఆమె చాలాసేపు ఏడ్చింది. మరునాడు బడికి వెళ్లింది.