కణత్వచమందలి అయాను ద్వారములు

జీవకణము నావరించియున్న పలుచని పొరకు కణత్వచమని పేరు. దీని మందము సుమారు 5 నానోమీటర్లు. ఇందలి మధ్యభాగము క్రొవ్వుమయము. సోడియము, పొటాసియము మున్నగు అయానులు విద్యుదావేశము గలవి. నీటి అణువులు వానిని కవచమువలె చుట్టుకొని యుండును. ఆ కవచమును విడిచి క్రొవ్వులో ప్రవేశించుటకు మిక్కిలి శక్తి కావలయును. కావున అవి యీ పొరను తమంత తాము దాటజాలవు. వానికి మార్గ మొసగునవి, పొరలో ఈ వైపునుండి ఆ వైపునకు వ్యాపించి నిలిచిన కొన్ని మాంసకృత్తులు. వీనినే అయాను ద్వారములని యిచట వ్యవహరించుచున్నాము.

వీనిని 'రంధ్రము'లని యేల పిలువరాదని ప్రశ్నింపవచ్చును. ఈ ప్రశ్న పదమునకు సంబంధించినదే కాదు, విషయమునకును సంబంధించినది. జల్లెడ రంధ్రము పరిమాణమును మాత్రమే చూచును: చిన్నది జారిపోవును, పెద్దది నిలిచిపోవును. పొటాసియము ద్వారమున జరుగునది దీనికి విపరీతము. పొటాసియము అయాను వ్యాసార్ధము 1.33 ఆంగ్‌స్ట్రాములు, సోడియము అయానుది 0.95 మాత్రమే. అయినను పెద్దది సెకనుకు కోట్లకొలది సాగిపోవుచుండగా, చిన్నది దాదాపు పూర్తిగా నిరోధింపబడుచున్నది.

దీనికి కారణము 1998లో తేటపడినది. రోడరిక్ మెకినన్, ఆయన సహచరులు ఒక బాక్టీరియమునందలి పొటాసియము ద్వారముయొక్క నిర్మాణమును ఎక్స్ కిరణముల సాయమున కనుగొనిరి. ద్వారమున మిక్కిలి ఇరుకైన భాగమునందు ఆమ్లజని పరమాణువులు వరుసలుగా నమరియున్నవి. పొటాసియము నీటి కవచమును విడిచినంతనే, నీటి అణువులందలి ఆమ్లజని యెంత దూరమున నుండెనో అంత దూరముననే ఇవి దానిని చుట్టుకొనును. కావున దానికి నష్టము లేదు. సోడియము చిన్నదగుటచే వీనితో తగిన సాన్నిహిత్యము కుదురదు. నీటిని విడుచుట దానికి నష్టమే. అందుచే అది వెలుపలనే యుండిపోవును. ఈ కృషికి మెకినన్‌కు 2003లో నోబెల్ బహుమానము లభించినది.

ఎంపికయే కాక, తెరచుట మూయుటయు వీని ధర్మము. విశ్రాంతి దశలో నాడీకణము లోపలి భాగము వెలుపలి భాగముకంటె సుమారు 70 మిల్లీవోల్టులు ఋణముగా నుండును. ఈ భేదము తగినంత తగ్గినపుడు, మాంసకృత్తునందలి ధనావేశయుత భాగములు కదలి ద్వారము తెరచుకొనును. మొదట సోడియము లోనికి వచ్చును; పిదప పొటాసియము వెలుపలికి పోవును. నాడీసందేశము ఈ విధముననే ప్రసరించును. ఈ క్రమమును హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనువారు 1952లో, స్క్విడ్ అను సముద్రజీవి నాడిపై చేసిన ప్రయోగముల ఆధారమున సమీకరణములలో నిబంధించిరి. ఒక్క ద్వారముగుండ పారు విద్యుత్తును నేహర్, సాక్‌మన్ 1976లో కొలిచి చూపిరి.

దంతవైద్యు డిచ్చు లిడొకెయిన్ సోడియము ద్వారము నడ్డగించుటచేతనే నొప్పి సందేశము మెదడును చేరకున్నది.

ఎంచుట, తెరచుట, మూయుట అను మూడు ధర్మములును రంధ్రమునకు లేవు. కావలి గల ద్వారమునకు కలవు. శాస్త్రపదము విద్యార్థిని అపమార్గము పట్టింపరాదు. కావున 'ద్వారము' అను పదమే గ్రాహ్యము.