సీపీయూ మీద ఏడు లైన్లు

ఎడిటర్‌గారు సోమవారం అప్పగించిన పని చిన్నదే. 'సెలవులొస్తున్నాయి. ఇంట్లో మూలపడ్డ కంప్యూటర్‌ని పిల్లల చదువుకు ఎలా సిద్ధం చెయ్యాలో రాయండి. గురువారం సాయంత్రానికి కావాలి.' రాసే ముందు ఒకటి చేసి చూద్దామని తెనాలిలో అక్కావాళ్ళింటికి రైలెక్కాను. అక్కడ 2011లో కొన్న డెస్క్‌టాప్ ఉంది. రెండు జీబీ ర్యామ్, విండోస్ 7, పైన అక్క కుట్టిన గుడ్డ ముసుగు. మేనకోడలు పదో తరగతికి వస్తోంది. విద్యుత్తు పాఠం బొమ్మల్లో ముందే చూస్తానంది.

ముసుగు తీస్తే సీపీయూ పక్కన ఒక కాగితం కనిపించింది. అంటించిన టేపు పసుపెక్కిపోయింది. నెట్‌లో పాఠాలు ఎలా తెరవాలో పదేళ్ళ కిందట పెద్దవాడి కోసం బావగారు రాసి అంటించింది. ఆయన లెక్కల మాస్టారు, అంకెలేసి మరీ రాశారు. నా కథనం ఇక్కడే దొరికిందనుకున్నాను.

మొదటి లైను: ఎక్స్‌ప్లోరర్‌లోనే తెరవాలి. అప్పట్లో ఒక్కో పాఠం ఒక్కో బ్రౌజర్‌లోనే సరిగ్గా ఆడేది. రెండోది: జావా వెయ్యాలి, మధ్యలో వచ్చే టూల్‌బార్‌కి టిక్కు తీసెయ్యాలి. ఆ టిక్కు చూడకుండా 'నెక్స్ట్' కొట్టినవాళ్ళ బ్రౌజర్ నెత్తిన పిలవని చుట్టంలా ఒక పట్టీ కూర్చునేది. మూడోది: కంట్రోల్ ప్యానెల్, జావా, సెక్యూరిటీ, అక్కడ సైటు పేరు రాయాలి. 2014 జనవరిలో వచ్చిన జావా అప్‌డేట్ సరైన సంతకం లేని ప్రోగ్రాములను ఆపేయడం మొదలుపెట్టింది. మనకు నమ్మకమున్న సైటుని మినహాయింపుల జాబితాలో చేతితో ఎక్కించాల్సొచ్చేది. నాలుగు: ఫ్లాష్ అప్‌డేట్ అడిగితే సరే అనాలి. అయిదు: పాపప్ బ్లాకర్ తీసెయ్యాలి. ఆరు: ఎర్ర హెచ్చరిక వస్తే భయపడకుండా 'రన్' కొట్టాలి.

నవ్వొచ్చింది, ఆ వెంటనే కొంచెం గుబులూ వేసింది. పిల్లలు ఓమ్ నియమం నేర్చుకోవాలంటే ముందు ఇంటి తలుపులన్నీ ఒక్కొక్కటిగా బార్లా తెరవాల్సిందేనన్నమాట.

ఇప్పుడు ఆ ఆరింటిలో ఒక్కటీ అక్కర్లేదు. చరిత్ర గబగబా చెప్పేస్తాను, గడువు దగ్గరపడుతోంది. జావా ఆప్లెట్లు 1995లో వచ్చాయి, ఆ వెనకే ఫ్లాష్. ఇద్దరూ బ్రౌజర్‌కి అతికించుకునే అరువు చేతులు. దొంగలకూ ఆ చేతులే దారి. 2015 సెప్టెంబరులో క్రోమ్ జావా ప్లగిన్‌ని వదిలేసింది, 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్ కూడా. ఫ్లాష్‌కి 2020 డిసెంబరు 31 ఆఖరి రోజు. ఈలోగా హెచ్‌టీఎంఎల్5 పుణ్యమా అని బొమ్మలూ కదలికలూ బ్రౌజర్ సొంత విద్యలయ్యాయి.

ఇంత తెలిసినవాణ్ణి కదా, ధీమాగా స్విచ్చి వేశాను. ఏ సైటు తెరిచినా 'ఈ కనెక్షన్ సురక్షితం కాదు' అంటుంది. పాత బ్రౌజర్ వల్లనేమో, కొత్తది దించుకుందామంటే ఆ సైటూ అదే పాట. వైఫై మార్చాను, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టాను. రాత్రి పదకొండయింది. బావగారు మజ్జిగ గ్లాసుతో వచ్చి, 'ఏడో లైను చదివావా?' అన్నారు.

టేపు మడత కింద ఉంది. రెండు గీతలు కూడా గీశారు: అన్నిటికంటే ముందు టైమ్ చూడాలి.

కంప్యూటర్ 2011 జనవరి 1లో ఉంది. 'నేను ఫలానా' అని ప్రతి సురక్షిత సైటూ చూపించే సర్టిఫికెట్ మీద ఎప్పటినుంచి ఎప్పటివరకు చెల్లుతుందో రాసి ఉంటుంది. మన పెట్టె లెక్కలో ఆ సర్టిఫికెట్లు ఇంకా పుట్టనే లేదు. తేదీ సరిచేస్తే చాలా సైట్లు తెరుచుకున్నాయి. పొద్దున్నే మేనకోడలు లేపింది: 'మావయ్యా, మళ్ళీ 2011కి వెళ్ళిపోయింది!'

పని అవగానే గోడ దగ్గర స్విచ్చి కట్టెయ్యడం మన ఇళ్ళలో మామూలే. కరెంటు లేనంతసేపూ గడియారాన్ని నడిపేది మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్ళంత బ్యాటరీ. పేరు సీఆర్ 2032. ఆ అంకెల్లోనే కొలతలున్నాయి: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం. ఇచ్చేది మూడు వోల్టులు. ప్లగ్గు తీసి, అయిపోయిన పాతది ఊడదీసి, అచ్చు ఉన్న వైపు పైకి పెట్టి కొత్తది నొక్కాం. పాతదాన్ని అక్క వెంటనే డబ్బాలో వేసి మూత పెట్టింది. చంటిపిల్లలు మింగితే ప్రాణాల మీదకొచ్చే వస్తువది.

తర్వాతంతా మామూలు పని. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ భద్రతా మరమ్మతులు ఆపేసింది 2020లో. దానికి పనిచేసే ఆఖరి క్రోమ్ 109. అందుకని ఫోటోలు కాపీ చేసుకుని, ర్యామ్ నాలుగు జీబీకి పెంచి, పెన్‌డ్రైవ్‌తో లినక్స్ మింట్ వేశాం, తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ రకం. మింట్‌కి పైసా ఖర్చు లేదు. కొత్త ట్యాబ్ కొనమనే ప్రకటనలంటే నాకు మొదటినుంచీ కిట్టదు, అది దాచుకోను. పెద్ద తెర, నిజమైన కీబోర్డు, మౌసు ఉండగా చేతిలో ఇమిడే పలక దేనికి?

మిగిలిపోయిన ముక్కలు

విద్యుత్తు పాఠానికి మేం తెరిచింది కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ అనే ప్రయోగాల సైటు. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు. ఆయనకు బహుమతి తెచ్చింది మన సత్యేంద్రనాథ్ బోస్ పేరు కలిసిన పదార్థస్థితే. ఇందులో కొన్ని ప్రయోగాలు తెలుగులోనూ ఉన్నాయి. హెచ్‌టీఎంఎల్5 ప్రయోగాన్ని ఒక్క ఫైలుగా దించి పెట్టుకుంటే నెట్ పోయినా ఆడుతుంది.

సీబీఎస్‌ఈ పిల్లలకు అమృత విశ్వవిద్యాపీఠం, సీడాక్ కలిసి చేసిన ఓల్యాబ్స్ ఉంది. లెక్కలకు జియోజీబ్రా. పాత సీడీల్లో ఫ్లాష్ పాఠాలు మిగిలుంటే రఫుల్ అనే ఉచిత సాధనంతో వాటిలో చాలావాటిని లేపొచ్చు. పిల్లలకు వేరే యూజర్ అకౌంట్ పెట్టి, అడ్మిన్ పాస్‌వర్డు మీ దగ్గరుంచుకోండి.

గురువారం మధ్యాహ్నం నేను ఇది టైపు చేస్తుంటే పక్కన మేనకోడలు తెర మీద బ్యాటరీ, బల్బు, తీగలు కలిపింది. బల్బు వెలిగింది. తర్వాత బల్బు తీసేసి బ్యాటరీ రెండు కొసలనూ ఒకే తీగతో కలిపేసింది. తెర మీద మంటలు లేచాయి.

'నాన్నా, అంటుకుంది!' అని అరిచింది.

వంటింట్లోంచి బావగారు పరుగున వచ్చి గోడ స్విచ్చి కట్టేశారు.