పాత కారుకు పెరట్లో కొత్త రంగు

కొత్త కారు కొనే స్తోమత మనలో ఎంతమందికి ఉంటుంది? అలాగని ఆ కోరికను అటకెక్కించాలా? అక్కర్లేదంటాను నేను.

మాది వెలుగోడు. మావారి ఉద్యోగం వేరే ఊళ్లో. చూపు తగ్గిన అత్తను నెలనెలా నంద్యాల ఆసుపత్రికి బస్సులో తీసుకెళ్లడం కష్టమై, చీటీ డబ్బుతో 2012 నాటి మారుతి 800 కొన్నాను. "ఆ తుప్పుబండి మనకెందుకమ్మీ?" అంది అత్త.

1983 నుంచి 2014 దాకా తయారైన బండి ఇది. 796 సి.సి. ఇంజను. చిన్న ఊరి మెకానిక్‌కూ అలవాటైనదే.

కొనేముందు పైమెరుపు చూసి మురిసిపోకండి. కాళ్లకింది మ్యాటు ఎత్తండి, డిక్కీలో స్టెప్నీ తీసి చూడండి. రేకు పొడిపొడిగా రాలుతుంటే ఎంత చవకైనా వద్దు. చిన్న అయస్కాంతం వెంట ఉంచుకోండి. లప్పం మందంగా పూసినచోట అది అంటుకోదు. ఇంజను, ఛాసిస్ నంబర్లు ఆర్.సి.తో సరిపోవాలి. 29, 30 ఫారాలపై అమ్మినవాళ్ల సంతకాలు తీసుకుని, 30 రోజుల్లోగా పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి.

ఇక రంగు సంగతి. స్పోర్ట్స్ కారులా ఎర్రగా ఉండాలని మా అమ్మాయి ఒకటే గోల! ఆర్.సి.లో రంగు కూడా రాసి ఉంటుంది. మారిస్తే రవాణా శాఖలో నమోదు చేయించాలి. అందుకే పాత తెలుపే వేసి, దాని సరదాకు రెండు ఎర్ర గీతల స్టిక్కర్లు అంటించాను.

ముందు సబ్బునీళ్లతో జిడ్డు వదిలించాలి. తుప్పు గీకి, సొట్టల్లో లప్పం పెట్టి, ఆరాక వాటర్ పేపరుతో తడుపుతూ నున్నగా రుద్దాలి. ఓపికంతా ఇక్కడే కావాలి. అద్దాలకు పాత పేపర్లు అంటించి, దుమ్ము లేవకుండా నేల తడిపి, ప్రైమరు, ఆపైన రంగు పలుచగా రెండు మూడు పూతలు కొట్టాలి. కంప్రెసరు అద్దెకు తెచ్చుకున్నాను.

ఒక్క హెచ్చరిక. హార్డెనర్ కలిపే రంగుల్లో ఐసోసైనేట్లు ఉంటాయి. ఆ తుంపర పీలిస్తే ఉబ్బసం రావచ్చు. చేతిరుమాలు దాన్ని ఆపదు. అవి షెడ్డువాళ్లకే వదిలేయండి. నేను వాడిన ఎన్.సి. రంగుకైనా కార్బన్ ఫిల్టరు మాస్కు తప్పదు. థిన్నరు మండుతుంది కనుక పొయ్యి, పిల్లలు దూరంగా ఉండాలి.

దగ్గరగా చూస్తే రంగు అక్కడక్కడా బత్తాయి తొక్కలా ఉంది. అయితేనేం? మీరూ కొంటే మాత్రం మొదటి ఖర్చు బ్రేకులకు, టైర్లకు పెట్టండి. రంగుదేముంది, మరో నెల ఆగుతుంది!