పడవలో వేడినీళ్లు

జర్మనీలో వేసవి వచ్చిందంటే బెర్లిన్ చుట్టుపక్కల హేవెల్, స్ప్రే నదుల మీద, ఉత్తరాన మ్యూరిట్స్ సరస్సు మీద పడవలు బారులు తీరుతాయి. మేము కూడా మరి రెండు తెలుగు కుటుంబాలతో కలిసి హేవెల్ మీద ఒక పాత పడవ కొన్నాము. రెండు చిన్న గదులు, ఒక వంట మూల, నిలబడితే తల తగిలే స్నానాల గది. గోడకు ఒక పాత గ్యాస్ హీటర్. పంపు తిప్పగానే భగ్గున అంటుకొని వేడినీళ్లు ఇచ్చేది. రాజమండ్రి నుండి వచ్చిన మా అత్తగారు దానిని చూసి, "నదిలో ఉండి కూడా వేన్నీళ్ల స్నానమేనా!" అని మురిసిపోయారు.

మూడవనాటి సాయంత్రం చల్లగాలి వీస్తున్నదని కిటికీలు మూసివేశాము. మా చిన్నమ్మాయి స్నానం చేసి వచ్చి, "నాన్నా, తల నొప్పిగా ఉంది, కళ్లు తిరుగుతున్నాయి" అన్నది. ఎండ తగిలిందేమోనని అత్తగారు నిమ్మకాయనీళ్లు కలపబోయారు. నాకు మాత్రం హీటర్‌లోని మంట గుర్తుకు వచ్చింది. అది నీలంగా లేదు, పసుపు పచ్చగా ఉన్నది. వెంటనే తలుపులన్నీ తెరిచి, గ్యాస్ కట్టి, అందరినీ ఒడ్డుకు చేర్చి, పాపను వైద్యుని వద్దకు తీసుకొని వెళ్లాము. అదృష్టవశాత్తు ఏ హానీ జరుగలేదు. ఆ రాత్రి నేర్చుకొన్న పాఠమే ఈ వ్యాసానికి మూలం.

దెస్సావు నగరపు కానుక

గ్యాస్‌తో నీటిని వేడిచేసే యంత్రానికి జర్మనీలో గొప్ప చరిత్ర ఉన్నది. 1855 ప్రాంతంలో హైడెల్‌బర్గ్ ఆచార్యుడు రాబర్ట్ బున్సెన్ తన పేరు మీద నేటికీ నిలిచిన బర్నర్‌ను ప్రచారంలోకి తెచ్చాడు. గ్యాస్‌తో గాలిని ముందుగానే కలిపితే మంట మసిలేకుండా, నీలంగా, మంచి వేడితో మండుతుందన్నది అందులోని కిటుకు. ఆ తరువాత దెస్సావులో హ్యూగో యుంకర్స్ అనే ఇంజనీరు ఇంధనాల ఉష్ణశక్తిని కొలిచే కెలోరీమీటర్‌ను నిర్మించాడు. మంటలోని వేడినంతటినీ ప్రవహించే నీటికి అందించగలిగితే కొలత ఖచ్చితంగా వస్తుంది. అదే ఉపాయంతో స్నానానికి నీళ్లెందుకు కాచుకోరాదన్న ఆలోచన నుండి గ్యాస్ హీటర్లు పుట్టాయి. 1895లో దెస్సావులో వాటి తయారీ సంస్థ వెలసింది. 1932లో ఆ వ్యాపారాన్ని బాష్ సంస్థ కొన్నది. పూర్తిగా లోహంతో చేసిన విమానాలకు పేరుపొందిన యుంకర్స్ ఈయనే. ఆ విమానాలకు పెట్టుబడి సమకూర్చడంలో స్నానాల గదిలోని హీటర్లకూ పాలున్నది.

ఇంటిగోడకు పొగగొట్టంతో తగిలించినప్పుడు ఇంత చక్కగా పనిచేసే యంత్రం పడవలో ఎందుకు ప్రమాదకరం కావాలి?

పడవ ఒక గిన్నె

నీరు లోపలికి రాకుండా కట్టిన గిన్నె పడవ. ఆ గుణమే దానికి ప్రాణం. అయితే నీటిని లోపలికి రానివ్వని గిన్నె, బరువైన గ్యాస్‌ను బయటకు పోనివ్వదు. జర్మనీలో సిలిండర్లలో దొరికేది ప్రధానంగా ప్రొపేన్. బ్యూటేన్ సున్నా డిగ్రీల వద్దనే ఆవిరి కావడం మానివేస్తుంది. ప్రొపేన్ మాత్రం సున్నాకు దిగువ 42 డిగ్రీల వరకు ఆవిరి అవుతుంది కనుక చలిదేశానికి అనువైనది. కాని అది గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువు. ఇంట్లో కారితే గుమ్మం కిందనుండి కొంతైనా బయటకు పోవచ్చు. పడవలో కారితే అడుగున చేరి కదలకుండా కూర్చుంటుంది. గాలిలో సుమారు 2 శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు ఉన్న చిన్న గదిని నింపి పేలుడు స్థితికి తేవడానికి అర కిలో ప్రొపేన్ కూడా అక్కరలేదు.

రెండవ ప్రమాదం మంట పీల్చే గాలిది. 10 కిలోవాట్ల హీటర్ గంటకు సుమారు ముప్పాతిక కిలో గ్యాస్‌ను కాలుస్తుంది. అందుకు 10 ఘనమీటర్ల గాలి కావాలి. పైన చెప్పిన గదిలో ఉన్న గాలి మొత్తం దాదాపు అంతే! మంటకు ప్రాణవాయువు చాలనప్పుడు అది సగం సగంగా మండి కార్బన్ మోనాక్సైడ్‌ను పుట్టిస్తుంది. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హెమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకంటె రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్లుండడం దీని తొలి లక్షణాలు. నిద్రలో ఉన్నవారికి ఆ హెచ్చరిక కూడా అందదు. మనదేశంలో తలుపులు బిగించిన స్నానాల గదుల్లో గ్యాస్ గీజర్ల వలన జరిగిన మరణాల వెనుక ఉన్నది ఈ వాయువే.

ఏ హీటర్ ఎంచుకోవాలి?

గదిలోని గాలిని తాకని హీటర్‌నే ఎంచుకోవాలి. దాని మంట మూసిన పెట్టెలో ఉంటుంది. బయటి గాలి ఒక గొట్టంలో లోపలికి వస్తుంది, కాలిన వాయువు మరొక దారిన బయటకు పోతుంది. దుకాణంలో అడగవలసిన జర్మన్ మాట 'రౌమ్‌లుఫ్ట్ ఉనబ్‌హెంగిష్', అంటే గదిగాలిపై ఆధారపడనిది అని. మ్యూనిక్ సమీపంలోని పుట్స్‌బ్రున్‌లో ఉన్న త్రూమా వంటి సంస్థలు కారవాన్లకు చేసే 10, 14 లీటర్ల బాయిలర్లు ఈ కోవకు చెందినవే. అయితే పడవలో వాడడానికి అనుమతి ఉన్న నమూనాయేనా అన్నది తయారీదారు కాగితాలలో చూసి నిర్ధారించుకోవాలి.

అప్పటికప్పుడు కాచే హీటర్ కంటె చిన్న తొట్టి బాయిలర్ పడవకు నయం. నిమిషానికి 5 లీటర్ల నీటిని 25 డిగ్రీలు పెంచాలంటే 9 కిలోవాట్ల శక్తి కావాలి. తొట్టి అయితే చిన్న మంటతో నిదానంగా కాస్తుంది. పది లీటర్ల నీటిని 15 నుండి 55 డిగ్రీలకు తేవడానికి నష్టాలతో కలిపి సుమారు 45 గ్రాముల గ్యాస్ చాలు. లెక్కకు 5 కిలోల సిలిండర్ వందసార్లకు పైగా వస్తుంది. రోజూ గంటల తరబడి ఇంజను నడిపేవారికి మరొక దారి ఉన్నది. ఇంజనును చల్లబరచి వేడెక్కిన నీటిని తొట్టిలోని గొట్టపు చుట్టల గుండా పంపితే స్నానపు నీళ్లు ఉచితంగా కాగుతాయి, గ్యాస్‌తో పనే ఉండదు.

అమర్చేటప్పుడు

సిలిండర్‌ను గదుల్లోకి దారిలేని ప్రత్యేకమైన పెట్టెలో నిలువుగా ఉంచాలి. ఆ పెట్టె అడుగున నీటిమట్టానికి పైన తెరుచుకొనే రంధ్రం ఉంటే, కారిన గ్యాస్ నదిలోకి జారిపోతుంది. పొగ బయటకు వచ్చే చోటు కిటికీలకు దూరంగా ఉండాలి. పడవల్లో పాతవి 50, కొత్తవి 30 మిల్లీబార్ల పీడనంతో ఉంటాయి. రెగ్యులేటర్, హీటర్ రెండూ ఒకే పీడనానికి చెందినవి కావాలి. అతుకులను సబ్బునీళ్లతోనే పరీక్షించాలి, అగ్గిపుల్లతో ఎన్నడూ కాదు. గ్యాస్ కారితే మోగే గంట నేలకు దగ్గరగా, కార్బన్ మోనాక్సైడ్ గంట పడుకొన్నవారు ఊపిరి పీల్చే ఎత్తులో ఉండాలి. శీతకాలం రాకముందే తొట్టిలోని నీటిని తీసివేయకపోతే గడ్డకట్టి పగులుతుంది.

ఇది స్వయంగా చేసుకొనే పని కాదు. 1859లో ఏర్పడిన జర్మన్ గ్యాస్, నీటి సరఫరా నిపుణుల సంఘం డి.వి.జి.డబ్ల్యు. పడవల్లోని గ్యాస్ ఏర్పాట్లకు జి-608 అనే నియమావళిని ప్రకటించింది. అది తెలిసిన నిపుణుడు చూసి ధ్రువపత్రం ఇచ్చిన తరువాతనే సిలిండర్ తిప్పాలి. రెండేళ్లకొకసారి మళ్లీ చూపించుకోవాలి.

పాత హీటర్‌ను మేము మరునాడే ఊడదీశాము. కొత్తది అమర్చి, పరీక్ష పూర్తయ్యేసరికి వేసవి సగం గడిచింది. అంతవరకు అత్తగారు పొయ్యి మీద, కిటికీ తెరిచి, గిన్నెతో నీళ్లు కాచుకొన్నారు. ఖర్చు ఎక్కువైందని మిత్రులలో ఒకరు నొచ్చుకొన్నారు. పడవ దిగే రోజున మా అమ్మాయి ఆడుతూ పాడుతూ స్నానం ముగించుకొని వచ్చింది. ఆ మిత్రుడే లేచి వెళ్లి, గోడమీద వెలుగుతున్న గంట దీపాన్ని ఒకసారి చూసి వచ్చాడు. ఖర్చు మాట మళ్లీ ఎత్తలేదు.